మళ్ళీ అనిపించుకోవాలని

ఇంజనీరింగు కాలేజీలో చేరగానే పెద్దపెద్ద మిషన్ల ముందు నిలబెడతారని అనుకుంటారు పిల్లలు. నిలబెట్టేది ఇనుప ముక్క ముందు. అరచేతిలో పట్టే ముక్కా, ఒక ఆకురాయీ ఇచ్చి, నాలుగు పక్కలూ సమంగా అరగదీయమంటారు. మూడు వారాలు అదే పని. బళ్ళో ఫస్టు, ఊళ్ళో ఫస్టు అని ముక్కు పైకెత్తుకుని వస్తారు కదా, ముందు ఆ ముక్కు అరుగుతుంది. ఇనుము సంగతి తర్వాత.

ఆ ఆకురాళ్ళిచ్చేది పిన్ని. పిల్లలందరూ ఆవిడని అలాగే పిలుస్తారు. వర్క్‌షాపు చివర గది, గదికో కిటికీ. పిల్లలు తమ నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇస్తే మేకుకి తగిలించి ఆకురాయి చేతికిస్తుంది. భర్త అక్కడే ఫిట్టరుగా చేస్తూ పోయాడు. ఆయనకి బదులు ఈవిడకి కిటికీ ఇచ్చారు. అయిదో తరగతితో ఆగిన చదువుకి అంతకన్నా ఏమిస్తారు? ఇరవై ఆరేళ్ళయింది. ఆకురాయి తిరిగొచ్చాక దాని పళ్ళు చూసి చెప్పేస్తుంది, ఎవరు తొందరపడ్డారో, ఎవరు ఏడుస్తూ అరగదీశారో. చేరిన కొత్తలో ఒకసారి, "నేనూ ఒక ముక్క అరగదీయనా?" అని అప్పటి మాస్టారిని అడిగింది. "నీకెందుకమ్మా ఇవన్నీ!" అని నవ్వాడాయన. మనిషికి పౌరుషం ఎక్కువ. మళ్ళీ ఎవరినీ అడగలేదు. తాళం తన దగ్గరే ఉన్నా దొంగచాటుగా ముట్టుకోనూ లేదు. కళ్ళతో చూస్తే కడుపు నిండుతుందా? నిండదు. అయినా చూస్తూనే ఉంది.

ఇప్పుడున్న మాస్టారికి నవ్వడం కూడా రాదు. ముక్క పక్కకి మూలమట్టం ఆనించి వెలుతురు వైపు ఎత్తి చూస్తాడు. రెండింటి మధ్య వెంట్రుకంత వెలుగు దూరినా, "మళ్ళీ" అంటాడు. వేరే మాట రాదు. అన్నం తినేటప్పుడూ అదే మాటట. ఇంట్లో ఆవిడొక్కతే ఆ మాటకి సంతోషిస్తుందని పిల్లల వేళాకోళం.

పిన్ని ఉద్యోగం ఇంకో వారంలో అయిపోతుందనగా, ఫస్టు పిల్ల కిటికీ దగ్గరికొచ్చి ఆకురాయి ఠప్పున పెట్టింది. చిన్నప్పటి నుంచీ అన్నిట్లో ఫస్టని ఆ పేరు. అరచేతుల్లో బొబ్బలు, కళ్ళ నిండా నీళ్ళు.

"నా బిళ్ళ ఇచ్చెయ్యి పిన్నీ. ఇంటికి పోతాను. పదకొండు సార్లు 'మళ్ళీ' అన్నాడు!"

"పదకొండు సార్లు నీ ముక్క వెలుతురుకి ఎత్తి చూశాడన్నమాట. నీ మొహం! ఇక్కడ అందరూ ఫస్టులే, ఎవరో ఒకరు లాస్టు అవ్వాలిగా? నన్ను చూడు. ఇరవై ఆరేళ్ళలో నన్నెవరూ ఒక్కసారి 'మళ్ళీ' అనలేదు."

పిల్ల ముక్కు తుడుచుకుంది. "నీకు అనిపించుకోవాలనుందా?"

పిన్ని మేకులకున్న బిళ్ళలు సర్దడం మొదలుపెట్టింది.

"అయితే రా," అంది పిల్ల. "నేను లోపల కూర్చుంటాను, నువ్వు బయటికి రా."

భోజనాల వేళ పిన్ని మొదటిసారి కిటికీకి అవతల నిలబడింది. "బిళ్ళ?" అని చెయ్యి చాపింది పిల్ల, అచ్చం పిన్నిలాగే మూతి బిగించి. పిన్నికి నంబరెక్కడిది? నడుముకున్న తాళంచెవి తీసిచ్చింది. పిల్ల దాన్ని మేకుకి తగిలించింది.

ముక్కని బల్లకున్న వైసు దవడల్లో బిగించి, ఎడమకాలు ముందుకేసి, తోసేటప్పుడు బరువు మోపి, వెనక్కి లాగేటప్పుడు తేల్చింది పిన్ని. చూసి నేర్చిందంతా చేతుల్లోకి దిగలేదు. ఆకురాయి ఊగి అంచులు అరిగాయి, నడుమ ఉబ్బింది. "అరచేత్తో నిమరకు పిన్నీ, జిడ్డంటుకుని ఆకురాయి జారుతుందని నువ్వేగా చెప్పావు!" అని పిల్ల కిటికీలోంచి అరిచింది. మూడు రోజులు భోజనం మానేసి అరగదీసింది పిన్ని. కిటికీ దగ్గరికి ఎవరూ రాని వేళ చూసి, పక్క వైసు దగ్గర పిల్ల తన పన్నెండోసారి మొదలుపెట్టింది.

నాలుగో రోజు మాస్టారి బల్ల మీద ముక్క పెట్టింది.

ఆయన ముక్కని కాదు, ఆమెని చూశాడు. నవ్వడం రాని మనిషి మెత్తగా నవ్వాడు. "బాగుందమ్మా. గుర్తుగా దాచుకో."

పాతికేళ్ళ కిందటి నవ్వే ఇదీ. కొంచెం మర్యాద కలిసిందంతే. పిన్ని ఒళ్ళు భగ్గుమంది.

"మాస్టారూ, పాపం ముసల్దని జాలిపడుతున్నారా? జాలి కావాలంటే ఇంట్లో కోడలు బోలెడు పడుతుంది. మూలమట్టం తియ్యండి."

మాస్టారి నవ్వు పోయింది. మూలమట్టం తీసి ముక్కకి ఆనించి ఎత్తాడు. ఒక పక్క చూశాడు. తిప్పాడు. ఇంకో పక్క చూశాడు. వర్క్‌షాపులో రాపిడి చప్పుడు ఆగిపోయింది. పిన్ని కూడా మెడ సాచి చూసింది. మూల దగ్గర సన్నగా, దారప్పోగులా, వెలుతురు.

ముక్క ఆమె చేతిలో పెట్టాడు.

"మళ్ళీ."

తలదించుకుని పక్క పిల్లాడి ముక్క అందుకున్నాడు, ఆమె అక్కడ లేనట్టే, అందరితో ఉన్నట్టే.

"ఏమన్నాడు పిన్నీ?" అంది పిల్ల గుసగుసగా.

"ఏమంటాడు? 'మళ్ళీ' అన్నాడు." పిన్ని మొహం చూసి పిల్లకి నవ్వొచ్చింది. అంతలోనే ఏడుపూ వచ్చింది.

ఇంకా మూడు రోజులుంది. ఆ మూలకి మూడు రోజులు చాలవని ఆమె చేతులకి తెలుసు. ఇరవై ఆరేళ్ళయితే చాలేదేమో. ముక్కని వైసులో బిగించి, పిన్ని ఎడమకాలు ముందుకేసింది.