సముద్రం దాటని ఉత్తరం

ఉదయం ఆరూ ఇరవైకి నెల్లూరులో గూడూరు వైపు వెళ్ళే పాసింజరు ఎక్కాను. సంచిలో నీళ్ళ సీసా, సుజాత సంతకం చేయాల్సిన మూడు కాగితాలు. అంతే సామాను.

విదేశంలోని ఒక వీడియో కంపెనీకి ఇక్కడి మనుషుల్ని కుదిర్చే సంస్థలో నేను జిల్లా కోఆర్డినేటర్ని. వాకాడు అవతల సముద్రం ఒడ్డు పాళెంలో ఉండే సుజాత ఇంట్లో కూర్చునే ఎనిమిది నెలలు ఆ కంపెనీకి పనిచేసింది. జనం పెట్టే వీడియోల్లో చూడకూడనివి ఏరి తీసేయడం ఆమె పని. ఏరాలంటే ముందు తాను చూడాలి కదా. పని మానేసిన వాళ్ళందరి దగ్గరా "ఈ పని వల్ల నాకు ఏ హానీ జరగలేదు" అని సంతకం తెమ్మని పైనుంచి ఆదేశం. సుజాత ఫోను ఎత్తడం లేదు. అందుకే ఈ ప్రయాణం.

ఏడుంబావుకి గూడూరులో దిగి, బస్టాండు పక్కన ఇడ్లీ తిన్నాను. కారప్పొడి బాగుంది, టీ బాగాలేదు. ఎనిమిదింటి వాకాడు బస్సు ఎనిమిదిన్నరకు కదిలింది. పక్క సీట్లో ఒక పెద్దావిడ కునికిపాట్లు పడుతోంది. వేళ్ళు ఉబ్బి, గోళ్ళు నల్లబడి ఉన్నాయి. బస్సు కుదుపుకి మెలకువ వచ్చి, నేను వాటినే చూడటం గమనించింది.

"రొయ్యల కంపెనీలో చేస్తా ఉండా నాయనా. పొద్దస్తమానం ఐసులోనే చేతులు. కంపెనీవాళ్ళకి చూపిస్తే, నువ్వు కాంట్రాక్టరు మనిషివి, మాకేం సంబంధం అంటారు. నీదేం ఉద్యోగం?"

"ఆఫీసు పనమ్మా" అని కిటికీ వైపు తిరిగాను.

వాకాడులో షేరాటో నిండేదాకా అరగంట. వెళ్ళేవాళ్ళు తొందర పెట్టుకోవద్దు. సరుగుడు తోటలు దాటి పాళెం చేరేసరికి పదిన్నర దాటింది.

సుజాత భర్త వెంకటేశు వసారాలో వల బాగుచేసుకుంటున్నాడు. సముద్రం ప్రశాంతంగానే ఉంది.

"వేటకి పోలేదా?" అన్నాను.

"ఈమె పోనీదు సార్."

సుజాత లోపలినుంచి వచ్చింది. కళ్ళ కింద నలుపు. "ఆ వీడియోల్లో మునిగి చచ్చిపోయేవాళ్ళని రోజూ చూసినానన్నా. ఇప్పుడు పడవ కదిలితే ఆ మొహాలన్నీ ఈయన మొహం మాదిరే కనపడతాయి."

నేను కాగితాలు తీశాను. "ఊరికే ఫార్మాలిటీ అమ్మా."

ఆమె డిగ్రీ చదివింది. మూడు పేజీలూ నిదానంగా చదివింది. "హాని జరగలేదని ఉండాదే! నిద్ర పట్టట్లేదు, డాక్టరుకి చూపించండి అని కంపెనీకి రాసి మీకే గదా ఉత్తరం మెయిల్లో పెట్టినా? నాలుగు నెలలు ఎదురుచూసినా. చదివి కూడా వాళ్ళు పలకలేదంటే నేనంత పనికిమాలినదాన్నా అనుకున్నా."

మాట్లాడకుండా ఉండొచ్చు. అంతవరకూ అలాగే ఉన్నాను.

"అది వాళ్ళకి చేరలేదు సుజాతా. అట్టాంటివి పైకి పంపొద్దని మావాళ్ళు చెప్పినారు. నేనే ఆపినా."

వెంకటేశు చేతిలో దారం ఆగిపోయింది. సుజాత ఏడవలేదు, అరవలేదు. మూడో కాగితం వెనక్కి తిప్పి నా ముందు పెట్టింది.

"ఇప్పుడన్నది ఇక్కడ రాసియ్యన్నా. గూడూరులో లాయరమ్మకి చూపిస్తా."

ఉద్యోగం గుర్తొచ్చింది. అయినా పెన్ను తీశాను. ఉత్తరం నాకు అందిందని, నేనే ఆపానని రాసి, కింద తేదీ వేసి సంతకం చేశాను. లేవబోతుంటే వెంకటేశు అన్నం తిని పొమ్మన్నాడు. వడ్డించింది సుజాతే. తలెత్తకుండా తిన్నాను.

సాయంత్రం నాలుగింటికి గూడూరులో రైలెక్కి, సుజాత ఉత్తరాన్ని నా ఫోన్లోంచి నేరుగా విదేశీ కంపెనీకే పంపాను. మనుబోలు స్టేషను రాకముందే జవాబు వచ్చింది: "మీ సందేశం అందింది. ఆరోగ్య సమస్యలుంటే మీ జిల్లా కోఆర్డినేటర్ని సంప్రదించండి."

అది మిషను పంపిన జవాబు. మనిషెవరూ చదవలేదు. ఎన్నో దూరాలు తిరిగాను గానీ, ఇంత దగ్గరి ప్రయాణానికి ఇంత అలసట ఎప్పుడూ లేదు. ఆఫీసు నుంచి ఫోను రెండుసార్లు మోగి ఆగింది. నెల్లూరులో దిగేముందు ఆ జవాబును సుజాతకు పంపాను. ఈసారి ఏదీ ఆపలేదు.