అవ్వ ఏడు పళ్లు, నా స్కజీ డబ్బా

నా జీవితంలో నేను ఆడిన అబద్ధాలన్నిటిలోకీ చిన్నది ఒకే ఒక్క మాట. "ఉన్నది" అన్నాను, అంతే. ఆ ఒక్క మాటకు మా అవ్వ రెండు వారాలు చెంప వాచి కూర్చుంది. నేను కోస్గికీ హైదరాబాదుకూ మధ్య తిరిగి తిరిగి బస్సు కండక్టర్లకు చుట్టమయ్యాను. మూడు గంటల పాట ఒకటి జల్లెడ అయింది. ఈ ఘనకార్యం ఎలా జరిగిందో పూసగుచ్చినట్టు చెబుతాను, నవ్వుకోండి. మా ఊరంతా నవ్వింది, మీరొక్కరే మానుకుంటే ఏం లాభం?

తొంభైల చివరి మాట. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. కోస్గిలో టైపు నేర్పే ఇన్‌స్టిట్యూటు వాళ్లు రెండు కంప్యూటర్లు తెచ్చి, పాఠాలు చెప్పడానికి నన్ను పెట్టుకున్నారు. ఆరు నెలల డిప్లొమా చేసి వచ్చినవాణ్ని. పిల్లల కంటే నాకు రెండు పాఠాలు ఎక్కువ వచ్చు. అయినా బజార్లో నడుస్తుంటే "కంప్యూటర్ కుర్మయ్య పోతుండు" అనేవాళ్లు. ఆ మాట చెవిన పడ్డ రోజు నుంచి, నాకు తెలియని సంగతి ఒకటి ఈ భూమ్మీద ఉండవచ్చని ఒప్పుకోవడం మానేశాను.

ఇంట్లో కూడా ఒక పాత కంప్యూటర్ కొనిపెట్టుకున్నాను. దాని మీద దుమ్ము పడకుండా మా అవ్వ తన పాత చీర ముక్క కప్పేది. అవ్వ అంటే బాపు తల్లి, మల్లమ్మ. కలుపు తీసేటప్పుడు ఆమె పాట ఎత్తుకుంటే పక్క చేను కూలీలు కూడా గట్టు దాకా వచ్చి పని చేసేవాళ్లు. ఆమె దగ్గర ఒక పెద్ద పాట ఉండేది. అత్త మీద అలిగిన కోడలు పుట్టింటికి నడిచిపోయే కథ. దారిలో ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు ఆపి సంగతేమిటని అడుగుతారు. ఆమె ప్రతి ఊళ్లో అత్తను మళ్లీ మొదటి నుంచి తిడుతుంది. అందుకే ఆ పాట మూడు గంటలు పడుతుంది. అవ్వకు ఆమె తల్లి నేర్పింది. మొదలు నుంచి చివరి దాకా వచ్చినవాళ్లు అవ్వ తప్ప ఇంకెవరూ మిగల్లేదు.

ఇలా ఉండగా అవ్వకు పంటినొప్పి మొదలైంది. పాలమూరు దవాఖానలో చూపిస్తే డాక్టరు నోరు తెరిపించి, లెక్కపెట్టి, తల అడ్డంగా ఊపాడు.

"ఏడు మిగిలినయి. ఏడూ తియ్యాలె. ఆలస్యం జేస్తే దవడకు చీము ఎక్కుతది."

"తియ్యి బిడ్డా, నేనేం వద్దంట లేను" అంది అవ్వ. "గని ఇప్పుడు గాదు. పాట పాడినంక వస్త."

డాక్టరు బాపు వంక చూశాడు. బాపు నా వంక చూశాడు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

ఇంటికి వచ్చాక బాపు అడిగాడు. "పాటకు, పండ్లకు ఏం సంబంధమే అమ్మా?"

"ముందట పండ్లు లేకుంటే మాటల గాలి పోతది. మా అమ్మ పాటను తొర్రినోటితోని పాడి ఆమె ఇజ్జత్ తియ్యాల్నా? నేను పోతే పాట పోతది, అది ఎరుకే. పండ్లు పోతే నాకంటె ముందుగాల్నే పోతది." నా వైపు తిరిగింది. "కుర్మయ్యా, నీ డబ్బల పాట పెట్టొచ్చంటివి గద. పెట్టు. పెట్టిన తెల్లారే దవాఖానకు నడుస్త."

"టేపు రికార్డర్ల పెడితే ఐపోతది గదరా. బజార్ల యూసుఫ్ భాయ్ దగ్గర ఉన్నది" అన్నాడు బాపు.

ఆ మాట విని ఉంటే ఈ కథే లేదు. కానీ నేను కంప్యూటర్ కుర్మయ్యను కదా. "టేపు సాగుతది బాపు, బూజు పడ్తది. కంప్యూటర్ల పెడితే నీ మనుమల మనుమలు గూడ వింటరు" అన్నాను. అవ్వ నన్ను చూసిన చూపులో ఉన్న నమ్మకం ఇప్పుడు తలుచుకున్నా నాకు సిగ్గుగా ఉంటుంది.

ఒకటే చిక్కు. మా కంప్యూటర్ లోపలి హార్డ్ డిస్కులో అరగంట పాటకు మించి జాగా లేదు. బయట నుంచి తగిలించే హార్డ్ డిస్కు కావాలి. మరునాడే హైదరాబాదు బస్సెక్కాను.

దుకాణాయన నా ముందు మూడు డబ్బాలు పెట్టాడు. "ఇది ప్రింటర్ తీగె పెట్టే జాగల పడ్తది సార్, గని నెమ్మది. ఇది కొత్తగ వచ్చింది, చిన్న చపట సందుల పడ్తది. మీది పాత కంప్యూటర్ అంటున్నరు, దానికి ఆ సందు ఉండదు. ఇగ ఇది స్కజీ. మస్తు స్పీడు. పాటలు రికార్డు చేసేటోళ్లు ఇదే తీస్కపోతరు. గని దీనికి లోపల వేరే కార్డుండాలె. మీ దాంట్ల స్కజీ కార్డున్నదా?"

స్కజీ అనే మాట వినడం అదే మొదలు. పక్కన ఇద్దరు కొనేవాళ్లు నిలబడి నా మొహమే చూస్తున్నారు. డబ్బా వెనక నుంచి వచ్చే తీగ నా బొటనవేలంత లావుంది. ప్రింటర్ రకం డబ్బాకు ఉన్న తీగ దానిముందు సన్నగా, పోషణ లేనట్టు కనిపించింది. మా పాలమూరు వాళ్లకు బోరు లెక్క తప్ప వేరే లెక్క తలకెక్కదు. పైపు ఎంత లావైతే నీళ్లు అంత ధారగా పడతాయి. తీగ ఎంత లావైతే పాట అంత ధారగా పడుతుందని ఆ క్షణంలోనే తీర్మానించుకున్నాను.

"ఉన్నది" అన్నాను.

"చూసుకున్నరా సార్?"

"చూసుకోకుండ ఎందుకొస్త? నేను కంప్యూటర్ సార్‌నే."

రెండు నెలల జీతం ఆ డబ్బాకు సమర్పించి ఇంటికి వచ్చాను. అవ్వ అప్పటికే తల దువ్వుకుని, కొత్త చీర కట్టుకుని, దవడలో లవంగం పెట్టుకుని కుర్చీ వేసుకుని కూర్చుంది. కంప్యూటర్ వెనక వెతికితే తీగ మూతికి సరిగ్గా సరిపోయే జాగా కనిపించింది. మూతికి ఇరవై ఐదు మొనలు, అక్కడ ఇరవై ఐదు బొక్కలు. పెడితే పట్టింది. రెండు పక్కలా స్క్రూలు కూడా బిగుసుకున్నాయి.

"చూసినవా బాపు, ఎట్ల పట్టిందో."

"పట్టుడైతే పట్టింది" అన్నాడు బాపు.

కంప్యూటర్ ఆన్ చేశాను. తెర మీద రెండు వరుసలు వచ్చాయి, మూడో వరుస రాలేదు. మళ్లీ ఆన్ చేశాను, మళ్లీ రెండు వరుసలే.

"ఇగ ఎత్తుకోనా బిడ్డా?" అంది అవ్వ.

"జర ఆగు అవ్వా."

ఆ "జర" నాలుగు రోజులు సాగింది. స్క్రూలు వదులు చేశాను, బిగించాను. తీగను తుడిచాను. డబ్బాను తూర్పు ముఖంగా పెట్టాను, నవ్వకండి, అదీ చేశాను. అవ్వ రోజూ చీర మార్చుకుని వచ్చి కూర్చునేది. రోజూ ఆమె చెంప కొంచెం ఎక్కువ వాచేది. అన్నం మానేసి జావ తాగుతోంది. దవాఖానకు పోదామంటే "పాట" అని ఒక్క మాట అనేది. ఎవరినైనా పిలిచి అడగమని బాపు అంటే నేను "అవసరం లేదు" అనేవాణ్ని. మొండితనంలో అవ్వకు తగ్గ మనవణ్నే, కాకపోతే ఆమె మొండితనానికి ఒక అర్థం ఉంది.

ఐదో రోజు బాపే యూసుఫ్ భాయ్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. బజార్లో రేడియోలు బాగుచేసే పెద్దమనిషి. కంప్యూటర్ వెనక్కి వంగి చూసి లేచాడు.

"తమ్మీ, ఇది ప్రింటర్ జాగ. దీంట్ల స్కజీ తీగె పెట్టినవ్."

"పట్టింది గద భాయ్."

"నా చెప్పుల నీ కాలు గూడ పడ్తది. గంతమాత్రాన నా ఇల్లు నీదైతదా? రెండిటికి మొనలు అన్నే ఉంటయి, లోపట ఒకదాని సంగతి ఒకదానికి తెల్వదు. నీ నసీబు మంచిగుండి ఏది కాలలే. స్కజీ కార్డున్నదా నీ దాంట్ల?"

ఈసారి "లేదు" అన్నాను. చాలా చిన్న గొంతుతో అన్నాను.

మళ్లీ హైదరాబాదు పోతే దుకాణం బందు. ఇంకో వారానికి మళ్లీ పోయాను. అప్పటికి అవ్వ చెంప మీద చేయి తీయడం లేదు. దుకాణాయన నన్ను గుర్తుపట్టాడు.

"కార్డున్నదంటిరి గద సార్?"

"ఉండె."

"మరి ఏమైంది?"

"పోయింది."

ఆయన డబ్బా మార్చి, ప్రింటర్ రకం చేతికిచ్చాడు. నేను గడప దాటబోతుంటే పిలిచాడు. "సార్, ఇది నెమ్మది. పాటను సక్కగ దీని మీదికి రికార్డు చెయ్యకుండ్రి. తెలుసు గద?"

"తెలుసు" అన్నాను. ఎందుకన్నానో ఈనాటికీ నాకు తెలియదు. నోటికి అలవాటైపోయింది.

ఆ రోజుల్లో మాకు పగటి కరెంటు పన్నెండింటికి వచ్చి మూడింటికి పోయేది, రాత్రి వచ్చే మసక కరెంటుకు కంప్యూటర్ లేచేది కాదు. మరునాడు పన్నెండు కొట్టగానే మైకు పెట్టాను. బాపు కోళ్లను గంప కింద మూసి, వీధి తలుపు దగ్గర కాపలా కూర్చున్నాడు. అవ్వ ఉప్పునీళ్లు పుక్కిలించి, ఒక చేత్తో చెంప పట్టుకుని పాట ఎత్తుకుంది.

ఆ మూడు గంటలు నేను మరిచిపోలేను. వాచిన దవడతో ఒక్క మాట జారనివ్వలేదు. నొప్పి ఎక్కువైన చోట కళ్ల నీళ్లు వచ్చాయి, గొంతు మాత్రం వణకలేదు. కోడలు పుట్టిన ఊరి పొలిమేర చేరి తల్లిని కేకేసే చోట వీధి తలుపు దగ్గర బాపు కూడా ఏడ్చాడు. అవ్వ ఆఖరి మాట పాడి ఆపింది. నేను రికార్డింగ్ ఆపి, దాచమని బటన్ నొక్కి, కంప్యూటర్ కట్టేశాను. అంతలో కరెంటు పోయింది. వినిపించమని అడగడానికి కూడా వీల్లేదు.

"పడ్డదా బిడ్డా?"

"పడ్డది అవ్వా."

తెల్లవారి మొదటి బస్సుకే బాపు ఆమెను పాలమూరు తీసుకుపోయాడు. పన్నెండింటికి కరెంటు రాగానే నేను ఊళ్లో నలుగురిని పిలిచి కూర్చోబెట్టి, గొప్పగా పాట పెట్టాను. కోడలు ఇంటి గడప దాటింది. ఆ తర్వాత ఎగిరి రెండో ఊళ్లో పడింది. అత్తను తిట్టడం మొదలుపెట్టింది, తిట్టు సగంలో ఆగిపోయి నీళ్ల కుండ వచ్చింది. నెమ్మది డబ్బా ఆ పాటను అందుకోలేక, అందినకాడికి పట్టుకుని తక్కినది వదిలేసింది. ముందు నలుగురూ నవ్వారు, తర్వాత నా మొహం చూసి లేచి వెళ్లిపోయారు. అదే వేళకు పాలమూరులో ఏడో పన్ను కూడా పళ్లెంలో పడి ఉంటుంది. నేను తలుపు మూసుకుని ఏడ్చాను.

యూసుఫ్ భాయ్ వచ్చి మొత్తం విన్నాడు. "లోపటి డిస్కుల అరగంట జాగున్నది గద. అరగంట పాట లోపట పట్టాలె, ఆపాలె, మెల్లగ బయటి డబ్బలకు కాపీ జెయ్యాలె. మళ్ల అరగంట. కాపీకి తొందరేమున్నది? దుకాణపాయన చెప్పలేదా?"

"చెప్పిండు."

"నువ్వేమన్నవ్?"

"తెలుసన్న."

యూసుఫ్ భాయ్ డబ్బా తీగ ఊడదీసి, చుట్టచుట్టి నా చేతిలో పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అవ్వ నోటికి గుడ్డ కట్టుకుని దవాఖాన నుంచి వచ్చింది. నాలుగు రోజులు ఆమె ఎదుట పడకుండా తిరిగాను. ఐదో రోజు ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను, దుకాణంలో ఆడిన అబద్ధాలన్నిటితో సహా.

"ఎంత పోయింది?" అంది అవ్వ.

"నలభై జాగలల్ల."

"మిగిలింది మంచిగున్నదా?"

"మంచిగున్నది."

"మరి ఏడుస్తవేందిరా? బొంతకు బొక్క పడితే పారేస్తమా, మాసికేస్తం. నోరు మాననీ, పోయిన ముక్కలు మళ్ల పాడుత."

"పండ్లు లేకుంటే పాడనంటివి గద అవ్వా."

"గప్పుడు పండ్లుండె" అంది అవ్వ.

నెల తిరక్కముందే, యూసుఫ్ భాయ్ నా పక్కన కూర్చుని కాపలా కాస్తుండగా, అవ్వ నలభై చోట్లా మళ్లీ పాడింది. అరగంట పట్టడం, ఆపడం, కాపీ చేయడం. ఆ ముక్కలన్నీ తెచ్చి బొక్కలున్న చోట అతికించాను. పాట పూర్తయింది. మొదటి నుంచి చివరి దాకా ఒక్క మాట పోలేదు.

దసరాకు కేతేపల్లి నుంచి మా మేనత్త వచ్చింది, అవ్వకు ఒక్కగానొక్క కూతురు. ముందుగా ఏమీ చెప్పకుండా పాట పెట్టాను. కొంగు నోట్లో కుక్కుకుని మూడు గంటలూ కదలకుండా విన్నది. చివరికి కళ్లు తుడుచుకుని తల్లి వైపు తిరిగింది.

"మస్తుగ పాడినవ్ అమ్మా. గని నీకు నడుమ నడుమ అందిస్తున్న గా ముసలామె ఎవరే? పాపం, నోట్లె ఒక్క పన్ను లేనట్టుంది."

అవ్వ బోసి నోరు మూసుకుని, నా వైపు ఒకసారి చూసి, నింపాదిగా చెప్పింది. "ఆమెనా? మన కుర్మయ్య పట్నం నుంచి తెచ్చిండు. మూడుసార్లు తిరిగితే దొరికింది."

ఆ రోజు ఇంటిల్లిపాది ముందు, కంప్యూటర్ మీద చేయి వేసి నేను ప్రమాణం చేశాను. బతికినంత కాలం ఏ దుకాణంలో ఎవరు ఏమడిగినా, కళ్లతో చూసి చేత్తో తడిమితే తప్ప "ఉన్నది" అనను, "తెలుసు" అనను. ఆ మాట ఇప్పటికీ తప్పలేదు. మొన్న కొత్త టీవీ కొనడానికి పోతే, దుకాణంలో పిల్ల "తగిలించడానికి ఇంట్లో గోడ ఉంది కదా సార్" అని అడిగింది. ఇంటికి ఫోన్ చేసి కనుక్కుని చెప్పాను.