ఎర్తు మామ వినని టేపు

ఆ సంగీతశాలలో కరెంటు పని చూసే ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది. జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప అది ఇంకెవరికీ అక్కర్లేకపోయింది. అందరికీ ఆయన ఎర్తు మామ. బల్బు వెలగలేదన్నా, ఫ్యాను తిరగలేదన్నా, ఆఖరికి మేనేజరుగారికి నడుం పట్టేసిందన్నా ఆయన నోట ముందుగా వచ్చే మాట ఒక్కటే: "ముందు ఎర్తు చూడండి." దారి తప్పిన కరెంటుని మర్యాదగా భూమిలోకి సాగనంపే తీగ అది. అది సరిగ్గా ఉంటే లోకంలో సగం రోగాలుండవని ఆయన నమ్మకం. మిగతా సగానికి తన బావమరిదే కారణమని కూడా నమ్మేవాడు.

బావమరిది అదే హాల్లో గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడు. ఉద్యోగం ఇప్పించింది బావే. ఆ రుణం వాడు బావ మీద జోకులేసి తీర్చుకునేవాడు. బావల్ని ఆటపట్టించడం బావమరుదుల జన్మహక్కే, కాదనం. కానీ వీడికి అదే తిండీ నిద్రా. కొత్తగా వచ్చిన ఏ నాటకాలవాళ్ళనో పట్టుకుని, "మా బావకి మాత్రం షేక్‌హ్యాండ్ ఇవ్వకండి, షాకు కొడుతుంది" అని గంభీరంగా చెప్పేవాడు. వాళ్ళు పాపం ఆయన్ని చూసి చేతులు వెనక్కి పెట్టుకునేవారు. దాంతో బావమరిది "బాగుంది" అంటే ఏదో బాగాలేదనీ, "శభాష్" అంటే ఎక్కడో నవ్వుతున్నారనీ అర్థం చేసుకోవడం ఎర్తు మామకి అలవాటైపోయింది.

ఒక్క విషయంలో మాత్రం వాడు కూడా బావని ఏమీ అనేవాడు కాదు. ఎర్తు మామవి పాము చెవులు. స్పీకర్లలో తిష్ఠ వేసుకుని గుర్రుమంటుందే, ఆ కరెంటు రొద, దాన్ని ఆయన ఆఖరి వరసలో కూర్చునే పసిగట్టి, స్టేజీ మీద ఏ మూల ఏ తీగ వదులైందో చెప్పేవాడు. ఊరూరా తిరిగే కళాకారులు ఆ హాల్లోకి అడుగుపెట్టి, "అబ్బ, ఇక్కడ నిశ్శబ్దం ఎంత శుభ్రంగా ఉందో" అనేవారు. అప్పుడు చూడాలి ఆయన మొహం. ఆ నిశ్శబ్దాన్ని తానే చేత్తో వండి వాళ్ళకి వడ్డించినట్టు మురిసిపోయేవాడు.

అలాంటి హాలుకి ఆ గిటారాయన వచ్చాడు.

రాక్ సంగీతం వాళ్ళు కూడా ఆయన్ని మావాడని చెప్పుకోవడానికి జంకేవారు. ఇస్త్రీ బల్ల మీద గిటారుని వెల్లకిలా పడుకోబెట్టి వాయిస్తాడు. వేళ్ళతో తక్కువ, పళ్ళు తోముకునే బ్రష్షుతో, అరచేతిలో పట్టే చిన్న బ్యాటరీ ఫ్యానుతో ఎక్కువ. ఇంట్లో ఉన్నా వాన కోటు విప్పడు. ఒకసారి వాయించింది మళ్ళీ వాయించడు. తన కచేరీని ఎవరూ రికార్డు చెయ్యకూడదని పట్టు. గాలిలో పుట్టింది గాలిలోనే పోవాలంటాడు. అందుకని ప్రేక్షకుల సంచులు వెతికి రికార్డర్లు ఉంటే లాక్కునే పని గేటు దగ్గర బావమరిదికి అప్పజెప్పారు. కంచే చేను మేసిందంటారే, అదే జరిగింది. ఆయనంటే పడిచచ్చే బావమరిది అందరి రికార్డర్లూ లాక్కుని, తనదొక్కటీ మొదటి వరస కుర్చీ కింద జిగురు పట్టీతో అంటించేశాడు.

కచేరీ రోజు మధ్యాహ్నం గిటారాయన ఖాళీ హాలంతా తిరిగాడు. గోడలకి చెవి ఆనించాడు. నీళ్ళ గొట్టాన్ని తట్టాడు. మైకుని స్టాండు మీంచి పీకి స్టేజీ చెక్కల మీద బోర్లా పడుకోబెట్టాడు. ఆ తర్వాత అక్కడే నిలబడ్డ ఎర్తు మామ వైపు తిరిగి దిగులుగా అన్నాడు.

"ఇక్కడ ఏమీ వినపడటం లేదే?"

"చిత్తమండీ. అంతా మీ అభిమానం" అన్నాడు ఎర్తు మామ.

సాయంత్రం హాలు నిండింది. ఎర్తు మామ స్టేజీ పక్క స్విచ్చుల గదిలో తన స్టూలు మీద కూర్చున్నాడు. గిటారాయన వచ్చి, కోటు గుండీలు పెట్టుకుని, తీగలు ముట్టుకోబోయే ముందు, స్పీకర్లలో మొదలైంది. గుర్ర్ర్...

పెళ్ళిపందిట్లో పిల్ల తండ్రి పంచె జారినట్టయింది ఎర్తు మామకి. తన హాల్లో! ఇంతమంది ముందు! గిటారాయన ఆ రొదని శ్రుతిగా పట్టుకుని దాని మీద ఒక్కొక్క స్వరమే దీపాల్లా వెలిగిస్తున్నాడనీ, జనం ఊపిరి బిగబట్టి వింటున్నారనీ ఆయనకి తెలీలేదు. రొద వినపడ్డాక ఆయనకి ఇంకేదీ వినపడదు. టార్చీ, స్క్రూడ్రైవరూ పట్టుకుని చిన్న తలుపు తోసుకుని స్టేజీ కింద దూరాడు.

అక్కడ ఎర్తు తీగ ఊడి ఉంది. తెగి కాదు, ఎవరో జాగ్రత్తగా విప్పి, చుట్ట చుట్టి పెట్టినట్టు. గిటారాయనే మధ్యాహ్నం ఆ పని చేశాడని ఆయనకెలా తోస్తుంది? ఏ వాయిద్యగాడైనా రొద కోరుకుంటాడా? తీగ బిగించాడు. రొద ఠక్కున ఆగిపోయింది. దాంతో పాటు పైన గిటారూ ఆగిపోయింది. హాలంతా చీమ చిటుక్కుమంటే వినపడేలా అయింది.

బిగించగానే సరిపోదు, పరీక్ష చెయ్యాలి. దానికి ఆయన పద్ధతి ఆయనకుంది. రొద ఏ స్థాయిలో ఉంటుందో అదే స్థాయిలో గొంతులో "ఊఁ..." అని పట్టేవాడు. ఏ మూలైనా రొద మిగిలుంటే రెండూ కలిసి అలల్లా ఊగుతాయి. లేకపోతే తన గొంతొక్కటే తిన్నగా సాగుతుంది. ఆ పూట కూడా పట్టాడు. హాల్లోంచి వెంటనే బదులొచ్చింది, ఊఁ అని. ఇంకా ఉంది! ఇంకో స్క్రూ బిగించి నోరు మూసి విన్నాడు. లేదు. మళ్ళీ గొంతు పెట్టాడు. ఉంది! నోరు మూస్తే లేదు, తెరిస్తే ఉంది. ఇలాంటి దొంగ రొదని పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. బూజులో పాకుతూ, చెమటలు కక్కుతూ ఒక్కొక్క అతుకూ బిగిస్తూ, ప్రతిదానికీ "ఊఁ" అని పరీక్ష పెట్టుకుంటూ పోయాడు.

చివరికి అలసి బయటికొచ్చి చూస్తే, తను తేలింది స్టేజీ పక్కన, అందరి కళ్ళెదుట. నెత్తి మీద బూజు, మోకాళ్ళకి మట్టి. హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. గిటారాయన ఆయన వైపు తిరిగి, నుదురు ఇస్త్రీ బల్లకి తగిలేంత వంగాడు.

ఎర్తు మామకి తల కొట్టేసినట్టయింది. ఇంత వెటకారమా! వెనక తలుపులోంచి ఇంటికి పోయి ముసుగు తన్ని పడుకున్నాడు.

తెల్లారగానే బావమరిది టేపు పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు.

"బావా! నిన్న కచేరీ నీదే బావా! నువ్వు మామూలు మనిషివి కాదు!"

"పుండు మీద కారం చల్లకురా. నువ్వు నవ్వడానికి నేనే దొరికానా?"

"నిజం బావా! ఒక్కసారి విను."

"మీ అక్క మొహం చూసి ఊరుకుంటున్నా. ముందు ఆ టేపు బయటికి పట్టుకెళ్ళు."

జీవితమంతా వేళాకోళమాడినవాడు ఒక్కరోజు నిజం చెబితే ఎవరు నమ్ముతారు? వాడి తప్పు కొంత, ఈయన మొండితనం కొంత. టేపు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. చేతులు మారింది, కాపీలు పడింది, ఎక్కడెక్కడికో పోయింది. అప్పుడప్పుడూ ఎవరో కుర్రకారు వెతుక్కుంటూ వచ్చి తలుపు తట్టేవారు. "ఆ మామ మీరేనాండీ? ఒక్కసారి మీ చెయ్యి పట్టుకోవచ్చా?" అనేవారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన మొహం మాడ్చుకుని తలుపు వేసేసేవాడు. అంతా బావమరిది పంపినవాళ్ళేనని ఆయన లెక్క.

"ఒకసారి వింటే పోయేదేముందండీ?" అనేది భార్య.

"పరువు."

"నేను విన్నాను. బాగానే ఉంది."

"నువ్వెప్పుడూ మీ తమ్ముడి పక్షమేగా!"

పైకి అలా అన్నా, లోపల మాత్రం ఒకటే ముల్లు. అంత గొప్ప మనిషి, మళ్ళీ వాయించని మనిషి, తన హాల్లో వాయిస్తుంటే తను మధ్యలో గొంతు నులిమేశాడా? ఆ సాయంత్రాన్ని తను చంపేశాడా? తెలుసుకోవాలనీ ఉండేది, తెలుసుకోవాలంటే భయమూ వేసేది.

ఆయన ఉద్యోగం అయిపోయింది. గిటారాయన ఎక్కడో కన్నుమూశాడని పేపర్లో పడింది. ఆ తర్వాత ఒకనాడు కుక్కరు కూతలు వేసి వేసి పప్పు మాడిపోతున్నా, పక్కనే కూర్చున్న ఎర్తు మామ పేపరు చదువుకుంటూనే ఉన్నాడు. భార్య పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పింది. పప్పు గురించి ఒక్కమాట అనకుండా ఆయన్ని చెవుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

"సన్న శబ్దాలు ముందు పోతాయండీ, లావువి ఆఖర్న. ఇది ఆగేది కాదు. వినాలనుకున్నవేమైనా ఉంటే ఇప్పుడే వినేయండి" అంది డాక్టరమ్మ.

ఇద్దరూ ఇంటికొచ్చారు. ఆయన చెప్పులు విడుస్తూ అన్నాడు: "మీ తమ్ముణ్ణి రమ్మను. ఆ టేపు తెమ్మను."

బావమరిది పాత టేపు రికార్డరు చంకన పెట్టుకుని ఆ సాయంత్రమే వచ్చాడు. ఒక్క జోకూ వెయ్యలేదు. బల్ల మీద పెట్టి మీట నొక్కాడు.

జనం దగ్గులు. తర్వాత గుర్ర్ర్... ఎర్తు మామ కుర్చీలో ముడుచుకుపోయాడు. ఠక్. నిశ్శబ్దం. అదిగో, అక్కడే చంపేశాను, అనుకున్నాడు. ఆ నిశ్శబ్దంలోంచి లావుపాటి గొంతొకటి లేచింది. ఊఁ... తడబాటు లేదు, తొందర లేదు. గుడ్డి చీకట్లో గోడ పట్టుకుని నడిచేవాడిలా సాగిపోతోంది.

"ఎవర్రా ఆ పాడేది? భలే పట్టాడే!"

"నువ్వే బావా."

"మళ్ళీ మొదలెట్టావా?"

"అక్క మీద ఒట్టు బావా!"

"నా మీదెందుకురా ఒట్లు?" అంది భార్య. "మీరేనండీ. ఇంట్లో ఫ్యూజు మార్చినప్పుడల్లా వింటున్నదేగా. నాకు తెలీదా మీ గొంతు?"

చెక్కల మీద బోర్లా పడుకోబెట్టిన మైకు గుర్తొచ్చింది ఎర్తు మామకి. కిందనుంచి తన గొంతుని అదే పట్టింది. స్పీకర్లలోకి పంపింది. అంటే తను పట్టువదలకుండా తరిమిన ఆ దొంగ రొద... "ఓరి నీ దుంపతెగ, నా వెనక నేనే పడ్డానా!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. అంత నవ్వులోనూ ఒక్కసారి ఆగి అడిగాడు.

"మరి గిటారేది?"

"వాయిస్తున్నాడుగా బావా. నీ గొంతు మీద. ఇదిగో, ఇప్పుడే... ఆ చిన్న ఫ్యానుతో, సన్నగా..."

ఎర్తు మామ చెవి స్పీకరుకి ఆనించాడు. తన గొంతే ఉంది. దాని పైన ఏమీ లేదు. బావమరిది శబ్దం పెంచాడు. చెవి నొప్పి పుట్టింది గానీ గిటారు రాలేదు. సన్నవి ముందు పోతాయని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు. బావమరిది టేపు ఆపేసి కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

ఎర్తు మామ లేచి స్క్రూడ్రైవరు తెచ్చాడు. రికార్డరు వెనక మూత విప్పాడు. టేపుని తిప్పే మోటారుకి చిన్న కన్నం, అందులో వేగం సరిచేసే మర ఉంటుంది. వేగం తగ్గితే శబ్దం లావెక్కుతుంది. మళ్ళీ మీట నొక్కి, మర కొద్ది కొద్దిగా తిప్పాడు. ఆయన గొంతు దిగి దిగి గేదె గురకలా అయింది. భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ గురక పైన ఎక్కడో, మేడ మీంచి ఎవరో దిగి వస్తున్నట్టు, ఒక స్వరం ఆయన చెవికి అందింది.

ఎర్తు మామ చెయ్యి మర మీదే ఆగిపోయింది.

అది తీగ మోతలా లేదు. గాజు గ్లాసు అంచున తడి వేలు తిప్పితే వచ్చే నాదం అంత మెత్తగా ఉంది. ఆ మెత్తదనం ఆయన గొంతు మీద కాలు మోపి, జారి, మళ్ళీ మోపి పైకి లేచింది. తను స్క్రూ బిగించిన కిర్రుకి కూడా అందులో చోటుంది. తను తగ్గిన చోట అదీ తగ్గింది. ఇంత అందం ఉంటుందని, దానికి ఆధారం తన నోట్లోంచి వచ్చిన శబ్దమని నమ్మడానికి ఆయనకి ధైర్యం చాల్లేదు. గది గోడలు దూరంగా జరిగిపోయినట్టనిపించింది.

ఉన్నట్టుండి రెండూ ఆగిపోయాయి. కాస్సేపటికి మళ్ళీ మొదలయ్యాయి. మళ్ళీ ఆగాయి.

"ఇక్కడ టేపులో ఏదో లోపం బావా" అన్నాడు బావమరిది నొచ్చుకుంటూ. "మధ్యమధ్య ఇలా ఆగిపోతుంది. అందరి కాపీల్లోనూ అంతే."

ఎర్తు మామ చెయ్యెత్తి వాణ్ణి ఆపాడు. మళ్ళీ గొంతు లేచేదాకా, గొంతు వెనకే గిటారు లేచేదాకా విన్నాడు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"లోపం కాదురా. అక్కడ నేను ఊపిరి తీసుకున్నాను. హాలు నిండా జనం కూర్చుని ఉంటే, అంతటివాడు, కింద బూజులో పాకేవాడు ఊపిరి తీసుకునేదాకా ఆగాడ్రా."