ఆ పేరు నాకు తెలియదన్నాను

ఇన్నేళ్ళుగా ఇది నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి. జాలి అంటే నాకు ఒళ్ళు మంట.

మాది తమిళనాడులో రాజపాళయం. కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రాముకు ఎంత మెమొరీ ఇవ్వాలి, పనయ్యాక ఎలా వెనక్కి తీసుకోవాలి అని ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాళ్ళు ఇంటర్నెట్‌లో వివరంగా రాసి పెడతారు. అందులో అచ్చుతప్పులు బోలెడు. వాటిని ఎవరైనా దిద్ది పంపవచ్చు. వచ్చినవాటిని చూసే పరిశీలకుడు ఒప్పుకుంటే దిద్దినవాళ్ళ పేరు అక్కడ నిలిచిపోతుంది. ఒకటే షరతు. కింద అసలు పేరు, పూర్తి పేరు ఉండాలి.

ఈ పని నాకు నేర్పింది కనకక్క. మా ఊరి పక్కనే చోళపురంలో రైతు కుటుంబం, కాలేజీలో నాకు సీనియర్. మంచిమనిషికి ద్రోహం చేశానని ఏడిస్తే వినడానికి బాగుంటుంది. ఆమె మంచిమనిషేం కాదు, పొగరుబోతు. నేను దిద్దిన పేజీని లాక్కుని పదిమంది ముందు మళ్ళీ దిద్దేది. కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావని అడిగేది. ఇంటికి వస్తే మా అమ్మదీ అదే పాట, కనకను చూసి నేర్చుకోరా అని. ఆమె అంటే నాకు కడుపుమంట. ఇప్పుడు కూడా ప్రేమేమీ పుట్టుకురాలేదు.

ఆమె ఒక పెద్ద అధ్యాయమంతా దిద్దింది. అక్షరాలే కాదు, ఒకచోట ఉదాహరణే తలకిందులుగా ఉంటే అదీ పట్టుకుంది. ఆ దిద్దుబాట్లు ఆమోదమైతే ఉద్యోగం ఖాయమని చెన్నైలో ఒక కంపెనీ మాటిచ్చింది. కింద ఎం. కనక అని పెట్టి పంపింది. మా దగ్గర పేరంటే అంతే. నాన్న పేరులో మొదటి అక్షరం, ఆ తర్వాత తన పేరు. ఇంటిపేరు ఎవరు రాస్తారు? ఎక్కడో వేరే దేశంలో ఉన్న పరిశీలకుడికి మాత్రం ఆ ఒంటి అక్షరం మీద అనుమానం వచ్చింది. పూర్తి పేరు రాయమన్నాడు. ఇదే నా పూర్తి పేరు, రాజపాళయమంతా ఇలాగే రాస్తారు అని జవాబిచ్చింది. నాన్న పేరు విడదీసి రాస్తే అక్కడితో అయిపోయేది. రాయలేదు.

అప్పుడు అతను, అక్కడ నేను రాసుకున్న ఊరి పేరు చూసి, నాకు విడిగా మెయిల్ పెట్టాడు. మీదీ ఆ ఊరేనట కదా, ఈమె మీకు తెలుసా, అక్కడ పేర్లు నిజంగా ఇలాగే ఉంటాయా అని.

తెలియదు అని రాశాను.

ఎందుకు రాశాను? ఉద్యోగం కోసమా? ఆ క్షణంలో ఉద్యోగం గుర్తే లేదు. ఎప్పుడూ నన్ను దిద్దే మనిషి ఒక్కసారైనా తప్పుగా నిలబడితే చూడాలనిపించింది. అంతే. పైగా అంతకుముందు వారమే వాళ్ళింట్లో కూర్చుని, వాళ్ళమ్మ వడ్డిస్తే అడిగి మరీ వేయించుకుని తిన్నాను. దొంగ బుద్ధి అంటే ఇది కాక ఇంకేమిటి?

ఆమె పంపినది పక్కన పెట్టేశారు. కొన్నాళ్ళకు అవే దిద్దుబాట్లను నేను పంపాను. నా ఇనిషియల్‌ను జాగ్రత్తగా విడదీసి, మా నాన్న పేరు మొత్తం రాశాను. వెంటనే ఒప్పుకున్నారు. చెన్నై ఉద్యోగం నాకొచ్చింది. అంత మంచి దిద్దుబాట్లు వృథాగా పోకూడదని నా పేరుతో పంపానక్కా అని ఆమెకు చెప్పుకున్నాను. అప్పుడామె పాత బస్టాండు దగ్గర షేర్ ఆటో కోసం నిలబడి ఉంది. కోపం లేదు. ఒక్కటే అడిగింది.

"వాడు నిన్నేమన్నా అడిగినాడారా?"

"అడిగినాడక్కా. నువ్వు మా అక్కవని చెప్పినాను. నమ్మలేదు."

"నువ్వన్నా చెప్పినావు. అది చాలు, పో."

నా భుజం తట్టి ఆటో ఎక్కింది. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. నా జన్మలో ఆమె నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే, అదీ అబద్ధానికి.

తర్వాత ఆమె మళ్ళీ ఎక్కడికీ ఏమీ పంపలేదు. ఆస్పత్రుల్లో కట్లు కట్టే గుడ్డ నేసే మిల్లు ఆఫీసులో బిల్లులు కొడుతోంది. నేను ఇంట్లో కూర్చుని చెన్నై జీతం తీసుకుంటున్నాను. ఆ అధ్యాయానికి ఇప్పుడు పరిశీలకుణ్ణి నేనే. కొత్తవాళ్ళు పంపినవి చూసి, పూర్తి పేరు పెట్టండి అని నేనే రాస్తాను. ఎలా రాయగలుగుతున్నానని అడగకండి. చెయ్యి అలవాటుపడిపోయింది.

వెళ్ళి ఆమెకు చెప్పవచ్చు కదా అంటారు. చెప్పను. ఆమె ముందు నిలబడే దమ్ము నాకు లేదు. మీరు నన్ను అసహ్యించుకుంటే నాకు పోయేదేమీ లేదు కాబట్టి మీ దగ్గరికి వచ్చాను.

చూశారా, ఇంతసేపూ నా పేరు మీరు అడగలేదు. ఆమె సొంత పేరుతో వస్తే అక్కడివాళ్ళు దొంగను చేశారు. నేను పేరే లేకుండా వస్తే మీరు నమ్మి చదువుతున్నారు. సరే, ఆనాడు ఆ పరిశీలకుడు నన్ను అడిగినదానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. ఆమె ఎం. కనక. ఎం అంటే ముత్తయ్య, వాళ్ళ నాన్న. మా దగ్గర పేర్లు ఇలాగే ఉంటాయి. ఆమె నాకు తెలుసు.