ఆగిన బండికి డ్రైవరు

మా పెళ్ళి శుభలేఖ చూస్తే గాని మా మామగారికి ఒక పేరుందని వీధిలో సగం మందికి తెలియలేదు. అందరికీ ఆయన డ్రైవరే. సొంత వ్యాన్‌లో ఊరందరినీ తిప్పిన మనిషి. కళ్ళు మసకబారి, ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పిన రోజు నుంచి మాత్రం ఎవరైనా డ్రైవరూ అంటే చాలు, మొహం మాడ్చుకుని లోపలికి వెళ్ళిపోయేవారు. వ్యాన్ అమ్మేయమని ఒకటే పోరు. తక్కిన సమయమంతా ఉలుకూ పలుకూ లేకుండా కిటికీ పక్కన కూర్చునేవారు. మనిషి మా కళ్ళెదుటే చేజారిపోతున్నారని నాకు భయంగా ఉండేది.

అత్తగారు అమ్మనిస్తేగా! ఆవిడ బట్టలు కుట్టే అద్దె గదిని యజమాని అప్పుడే ఖాళీ చేయించాడు. ఆవిడ ఏడుస్తూ కూర్చునే రకం కాదు. వ్యాన్ వెనక సీట్లు పీకించి, మోటారు కుట్టుమిషను బిగించి, బ్యాటరీ నుంచి లావుపాటి వైర్లు లాగించి ఇన్వర్టర్ పెట్టించింది. నడపడానికి నేనున్నాను. ఆఫీసుల వీధిలో బండి ఆపి, అక్కడే దుకాణం తెరిచేవాళ్ళం. మామగారిని రమ్మంటే, కళ్ళు లేనివాడికి బండిలో ఏం పనన్నారు.

నేనేమో మహా తెలివిగలదాన్ననుకుని, డీజిలు మిగులుతుందని ఇంజన్ ఆపేసి మిషను నడిపించేదాన్ని. ఒకరోజు ఇంటర్వ్యూకి వెళ్తున్న అమ్మాయి, ప్యాంటు కుట్లు ఊడిపోయి, పరుగున వచ్చి వ్యాన్ ఎక్కింది. దుప్పటి చుట్టుకుని కూర్చుంది పాపం. సగం కుట్టేసరికి ఇన్వర్టర్ కుయ్యిమని మూలిగి ఆగిపోయింది. తాళం తిప్పితే ఇంజన్ కిక్కురుమనలేదు. బ్యాటరీని పీల్చి పిప్పి చేశాను. అత్తగారు నావైపు ఒక చూపు చూసి, మిషను చక్రం చేత్తో తిప్పుకుంటూ మిగతాది కుట్టేసింది. అమ్మాయి వేళకే వెళ్ళింది. మేం మాత్రం ఎవరినో బతిమాలి, వాళ్ళ కారు బ్యాటరీతో బండి స్టార్ట్ చేసుకుని ఇల్లు చేరాం.

జరిగింది మామగారికి పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన తిట్టలేదు.

"పొద్దున స్టార్ట్ చేసినప్పుడే ఇంజన్ బద్ధకంగా తిరిగుంటుందే. వినలేదా అమ్మాయ్?"

"వినడం నాకు చేతకాదు మామయ్యా. మీరు రండి. ఆగిన బండికి కళ్ళెందుకు, చెవులు చాలు."

మర్నాడు మాకంటే ముందే వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. నేనే ఆయన్ని పక్క సీట్లోకి బతిమాలి పంపి, బండి ఆఫీసుల వీధికి చేర్చాక మళ్ళీ ఆ సీటు ఆయనకిచ్చాను. హ్యాండ్‌బ్రేక్ లాగి ఉందో లేదో, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో తడిమి చూసుకున్నారు. పొగ లోపల చేరకుండా తలుపులు తెరిపించారు. మిషను నడిచినంతసేపూ ఇంజన్ నడిపించారు. అత్తగారు ఇస్త్రీపెట్టె తగిలించబోతే, అదొక్కటే పది మిషన్ల కరెంటు తాగుతుందని ఇంటికి పంపించేశారు. ఆ తర్వాత మా ఇన్వర్టర్ మళ్ళీ మూలగలేదు.

కొన్నాళ్ళకు ఆ అమ్మాయి కొత్త ప్యాంట్లు పట్టుకుని వచ్చింది. ఉద్యోగం వచ్చిందట. ముందు సీట్లో ఉన్నాయన ఓనరా అని అడిగింది.

అత్తగారు తలెత్తకుండానే, "ఓనర్ని నేను. ఆయన మా డ్రైవరు" అంది.

మామగారు దిగిపోతారనుకున్నాను. ఆయన మెడ నిటారుగా పెట్టి, తనకేమీ కనబడని అద్దాన్ని కాస్త సర్దుకుని, తాళం తిప్పారు.