వెనక దీపం

నా చిన్నప్పుడు మా మేనత్త నన్ను కొట్టింది ఒకే ఒక్కసారి. ఆ దెబ్బకు రెండు రోజులు ఆవిడ మీద మండిపడ్డాను. ఆ మంట ఇప్పటికీ ఆరలేదు గానీ, ఆవిడ మీద మాత్రం లేదు.

మాది మంగళగిరి. నాన్న మగ్గం నేసేవాడు. వారానికోసారి నేసిన చీరలు మూటకట్టి, మోపెడ్ మీద విజయవాడ కొట్టుకు చేరవేసి, పొద్దుగూకాక తిరిగొచ్చేవాడు. మామయ్య పోయాక అత్త మా ఇంట్లోనే ఉంటూ రాట్నం మీద మగ్గానికి నూలు కండెలు చుట్టేది. మామయ్య ఎలా పోయాడని అడిగితే "యాక్సిడెంటు" అనేవారు. అంతకు మించి ఎవరూ చెప్పేవారు కాదు.

నాన్న బండికి బ్యాటరీ లేదు. ఇంజను తిరిగితేనే దీపం. వేగం పెంచితే మెరిసేది, తగ్గిస్తే మిణుకుమనేది. దాంతో విసిగిపోయి నాన్న ముందు దీపానికి పెద్ద బల్బు వేయించాడు. ఇంజను పుట్టించే కరెంటు పెరగలేదు కదా, దీపం ఇంకా ఎర్రగా, నీరసంగా వెలిగింది. అప్పుడెవరో చెప్పారట, వెనక లైటు తీసేస్తే ఆ కరెంటు కూడా ముందుకే వస్తుందని. నాన్న వైరు చూపించాడు, నేను పీకాను. ముందు దీపం కాస్త తెల్లబడింది. పదేళ్లదాన్ని, కరెంటాఫీసంతా నా చేతుల మీదే నడుస్తున్నట్టు వీధంతా చెప్పుకు తిరిగాను.

ఆ సంగతి అత్త చెవిన పడింది. రాట్నం ఆపి లేచొచ్చింది.

"ఎవరే పీకింది?"

"నేనే అత్తా!" అన్నాను గొప్పగా.

చెంప ఛెళ్లుమంది. తర్వాత నాన్న వంతు. వీధిలో వాళ్లంతా వినేలా తిట్టి, బండికి గొలుసు వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. అక్కగారి మాట కాదనలేక నాన్న వెళ్లి మగ్గం ముందు కూర్చున్నాడు. చీరల మూట గుమ్మంలోనే ఉండిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. పీకమన్నది నాన్న, దెబ్బ తిన్నది నేను! రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు, ఆవిడ కలిపిన అన్నం ముట్టలేదు.

మూడోనాడు దీపాలు పెట్టే వేళ అత్త గొలుసు తీసి, "బండెక్కి వీధి చివరిదాకా వెళ్లరా" అంది నాన్నతో. నా జబ్బ పట్టుకుని గుమ్మంలో నిలబెట్టింది. ఆ వేళ వీధిలో కరెంటు లేదు. నాన్న మా ముందు నుంచే వెళ్లాడు. ముందు దీపం వెలుగంతా ఆయన చాటునే ఉండిపోయింది. పది ఇళ్లు దాటేసరికి మసకలో కలిసిపోయాడు. బండి చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"మీ నాన్న ఏడే? చూపించు."

చూపించలేకపోయాను.

"మీ మామయ్యకీ ఇట్టాగే కనపళ్లేదు. రోడ్డు మీద ఆగున్న లారీ. దానికి వెనక లైటు లేదు. ఈయన బండికి రెండూ వెలుగుతానే ఉన్నాయి. లైటు లేంది వాడికి, పోయింది మన మనిషి."

ఆవిడ ఏడవలేదు. పళ్లు కొరుకుతూ చెప్పింది. నాన్న తిరిగొచ్చేదాకా నేను ఆవిడ చెయ్యి వదల్లేదు.

మర్నాడు మెకానిక్కును ఇంటికే పిలిపించింది. రెండూ వెలిగిస్తే ముందు మసకేనండీ అని అతను నసిగాడు. అత్త కండెల బుట్ట అడుగు నుంచి, గుడ్డలో చుట్టిన చిన్న బల్బొకటి తీసింది. మామయ్యదీ అదే రకం బండి. అవసరానికుంటుందని ఆయన కొని దాచుకున్నది.

"ఈ బండి మోయగలిగింది ఈ బల్బునే. ఇది పెట్టండి. వైర్ల దగ్గర పట్టిన తుప్పు కూడా గీకండి."

అతను బల్బు మార్చాడు. ఎర్తు వైరు బిగించిన చోట తుప్పు గీకి, ఇంజను నుంచి హెడ్‌లైటుకు నేరుగా మరో వైరు లాగాడు. వెనక వైరు మాత్రం అత్త నా చేతే కలిపించింది. ముందు తెల్లగా, వెనక ఎర్రగా, రెండూ వెలిగాయి. ఆ మూట మోసుకుని నాన్న ఆ రోజే విజయవాడ వెళ్లాడు.

ఇప్పుడు నా బండికి బ్యాటరీ ఉంది. అయినా సాయంత్రం బయల్దేరే ముందు వెనక్కి వెళ్లి దీపం చూసుకుంటాను. వెనక లైటు లేని ట్రాక్టరు కనిపిస్తే ఆపించి మరీ తిడతాను. "నీకెందుకమ్మా, ఊరుకో" అని పిల్లలు సిగ్గుతో తలలు దించుకుంటారు. అత్త పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ నాకిచ్చిపోయింది ఆ కోపమొక్కటే. ఎలా ఊరుకుంటాను?