అమ్మ మార్కులు వేయనన్న సీటు

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం పొద్దున, శామీర్‌పేట దగ్గర మామిడితోటలో ముప్పై దాకా పాత కార్లు తళతళలాడుతూ నిలబడి ఉంటే, వాటి మధ్య మా అమ్మ చెప్పులు విడిచి నడిచింది.

ఎందుకు విడిచావమ్మా అంటే, "గంతగనం మెరుస్తున్నయ్ బిడ్డా, తొక్కుకుంట పోనీకి మనసొప్పుతలేదు" అంది.

ఆ రోజు ఆ కార్లకు మార్కులు వేయాల్సింది మా అమ్మే. 

మేడ్చల్ మెయిన్ రోడ్డు మీద మాకో చిన్న షట్టర్ ఉండేది. లారీ, జీపు, ఆటో... ఏ బండి సీటు చిరిగినా మా దగ్గరికే. నాయిన స్ప్రింగులు సరిచేస్తే అమ్మ కుట్టేది. మిషన్ ఉన్నా మూలలు మాత్రం దబ్బనంతో, మైనం రుద్దిన దారంతో, చేత్తోనే.

ఆ ఏడాది పాత కార్ల క్లబ్బు వాళ్లు షో మా వైపు పెట్టారు. తోటంతా సున్నం గీతలు, కారు అద్దాలకు నంబర్లు, ఒక్కో కారుకు ఒక్కో మార్కుల కాగితం. ఇంజనుకు ఒక జడ్జి, రంగుకు ఒక జడ్జి. సీట్లు చూడాల్సిన పెద్దమనిషికి సరిగ్గా ఆ పొద్దున్నే జ్వరం వచ్చింది. క్లబ్బుకు పెద్దగా ఉన్న డాక్టరు గారు తన జీపు సీట్లు అమ్మతోనే కుట్టించుకునేవారు. నేరుగా మా షట్టర్ ముందుకొచ్చి దిగారు.

"నాకు ఇంగ్లీషు రాదు సార్. ఆ కాయితాలు నాతోని గాదు" అంది అమ్మ.

"నువ్వు చెప్పమ్మా, రాయడానికి నేను లేనా" అన్నారాయన.

అలా వెళ్లాం. నాయిన పని వదిలి రాలేదు... నేను మాత్రం అమ్మ కొంగు వదల్లేదు.

మిగతా జడ్జీలు టార్చిలు వేసి, వంగి వంగి చూస్తున్నారు. అమ్మ అసలు చూడనే లేదు. సీటు కిందకి చెయ్యి పోనిచ్చి, ఎటో చూస్తూ నిలబడేది. "గిది మొన్న మొన్న మార్చిండ్రు." "గీ కొబ్బరి పీచు పాతదే, మస్తు గట్టిగున్నది." సూటూ బూటూ వేసుకున్న యజమానులు ఆమె ఏమంటుందోనని చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇంట్లో నేనే అమ్మ మాట వినేదాన్ని కాదు, వీళ్లేంటి ఇలా వింటున్నారు అనుకున్నాను...

చివరికి మీగడ రంగు కారు దగ్గరికి వచ్చాం. అది మా పటేలుది. మేం కిరాయికి ఉన్న షట్టరూ ఆయనదే. ఆయన ఖాళీ చేయమంటే మాకు ఇంకో చోటు లేదు.

ఫస్టు ప్రైజు ఆ కారుకే అని అప్పటికే అందరూ అనుకుంటున్నారు. కాగితంలో కూడా 'సీట్లు కంపెనీవే, దారం పోగు కూడా మార్చలేదు' అని రాసి ఉంది.

అమ్మ చెయ్యి పెట్టింది... ఆగింది. తీసి మళ్లీ పెట్టింది. పటేలు వైపు చూసింది, నా వైపు చూసింది. నేనైతే ఏదో పురుగు కుట్టిందేమో అనుకున్నాను.

"సార్... ఇవి కంపెనీ సీట్లు గావు. నేను కుట్టినయే."

పటేలు మొహం మాడిపోయింది. "ఏం మాట్లాడుతున్నవ్ సత్తెమ్మా? బాగుచేసిన గ్యారేజీ ఆయన ఒట్టేసి చెప్పిండు నాకు."

"ఆయననే రెండేండ్ల కింద ట్రాలీల ఏసి ఒట్టి సీట్లు పంపిండు పటేలా. కారు ఎవలదో నాకు దెల్వది."

ఎలా చెప్పగలవని డాక్టరు గారు అడిగారు.

"మూల కాడ దారం రెండు చుట్లు తిప్పి లోపలికి మడుస్త. గోనెగుడ్డ తక్కువ పడితె మా పిల్ల స్కర్టు చింపి అతుకేసిన. చూడుండ్రి."

డాక్టరు గారు తెల్లచొక్కాతోనే కారు లోపల కాళ్లు పెట్టుకునే చోట వెల్లకిలా పడుకున్నారు. టార్చి వేసి గోనె అంచు లేపారు. లోపల నీలం గుడ్డ... నా నాలుగో తరగతి స్కర్టు, హుక్కుతో సహా. అది ఎలుకలు కొట్టేశాయని చెప్పి నన్ను నమ్మించింది మహాతల్లి.

ఆయన లేచి చొక్కా దులుపుకున్నారు. "ఇన్నేళ్లుగా ఇవే చూస్తున్నానమ్మా... పొద్దున నేనూ చూశాను. కంపెనీదే అనుకున్నాను" అన్నారు మెల్లగా.

తర్వాత కాగితం తీశారు. అసలుదనానికి ఎన్ని మార్కులని అడిగితే, అమ్మ "సున్నా" అంది. పనితనానికి అంటే తల అడ్డంగా ఊపింది. "నా పనికి నేనే మార్కులేసుకుంటనా సార్? గది నాతోని గాదు."

డాక్టరు గారు మిగతా జడ్జీలను పిలిచారు. ఒక్కొక్కరే మోకాళ్ల మీద కూర్చుని ఆ మూల తడిమి చూశారు. పదికి పది వేశారు. అయినా సున్నా సున్నాయే కదా... ప్రైజు ఇంకో కారుకు పోయింది.

జనం పలచబడ్డాక పటేలు మా దగ్గరికొచ్చాడు. నేను అమ్మ వెనక్కి చేరాను.

"నువ్వు ఊకుంటే ఎవ్వలికి తెల్వకపోవు గదా" అన్నాడు.

"నాకెరుకే గద పటేలా" అంది అమ్మ.

ఆయన వెళ్లిపోయాడు. మూడు నెలలు మాతో మాట్లాడలేదు. ఖాళీ చేయమని కబురు ఇవాళొస్తుందా, రేపొస్తుందా అని నాయిన తిండి కూడా సరిగా తినలేదు. ఒక మధ్యాహ్నం ఆ మీగడ రంగు కారే వచ్చి మా షట్టర్ ముందు ఆగింది.

"డోర్ల లోపలి రెక్సిన్ గూడ నువ్వే కుట్టు సత్తెమ్మా. ఎవలన్న అడిగితె ఇగ నీ పేరే చెప్త" అన్నాడు పటేలు. చెప్పాడు కూడా... ఆ తర్వాత ప్రతి షోలో, అడగని వాళ్లకు కూడా.

ఇప్పుడు ఆ క్లబ్బు షోల పని నేను చూసుకుంటున్నాను. మొన్న వచ్చిన కార్లలో సీట్లన్నీ మిషన్ కుట్టే. అందంగా ఉన్నాయి, వంక పెట్టడానికి లేదు. కానీ ఎన్ని మూలలు తడిమినా అవి ఎవరు కుట్టారో తెలియలేదు...

మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు, ఎక్కడా పేరు రాసుకోకుండా ఇలా పనిచేసినవాళ్లు. కింద వాళ్ల పేరు, వాళ్ల పని రాయండి... మనమైనా ఒకసారి పైకి చదువుకుందాం.